ఏ పటాలం, ఏ నంబరు

"మా తాత బర్మల కొట్లాడిండట. ఏ పటాలమో తెల్వదు, ఎన్నేండ్లు ఉన్నడో తెల్వదు."

తెలంగాణ పల్లెల్లో రెండో ప్రపంచ యుద్ధం గురించి చాలా ఇండ్లల్లో మిగిలిన మాట ఇంతే. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉన్న వర్ధన్నపేట నుంచి ఒక మనుమడో మనుమరాలో ఈ ఒక్క మాట పట్టుకొని బయల్దేరితే ఎంత దూరం పోగలరు? హైదరాబాద్ తార్నాక దాకా, ఢిల్లీ దాకా, లండన్ దాకా పోవచ్చు. ఇప్పుడైతే సగం దారి ఫోన్‌లోనే గడిచిపోతుంది. కానీ పోయిన ప్రతిచోటా ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒకటే: ఏ పటాలం? ఏ నంబరు?

ఊరి పేరు, ఇంటి పేరు చెప్తే అక్కడ పని జరగదు. సైనిక దస్త్రాలను మనుషుల వరుసలో పేర్చలేదు, పటాలాల వరుసలో పేర్చారు. లండన్ శివార్లలోని క్యూ అనే చోట బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధపు వార్ డైరీలు చాలావరకు అక్కడ డబ్ల్యూఓ 95 అనే వరుసలో ఉంటాయి. రెండో యుద్ధంలో బర్మా, మలయా వైపు నడిచిన పటాలాల డైరీలు డబ్ల్యూఓ 172లో ఉంటాయి. ఇండియా ఆఫీసు మిలిటరీ ఫైళ్లు బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం తన కేటలాగును, చాలా ఫైళ్లను 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో పెట్టింది. వీటిలో ఏ తలుపు తట్టినా లోపల ఉన్నది బెటాలియన్లు, కంపెనీలు, బ్రిగేడ్లు. వాటి లోపల ఎక్కడో తాత.

నిజాం ఇలాకా మనిషి కాబట్టి ముందుగా ఎవరైనా 'హైదరాబాద్' అనే పేరు కింద వెతుకుతారు. దొరుకుతుంది కూడా. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పెద్ద రెజిమెంటే ఉంది, మలయాలో గట్టిగా దెబ్బ తిన్నది. 1942 జనవరి 7న తెల్లవారక ముందే స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకులు రోడ్డు వెంబడి దూసుకొచ్చినప్పుడు ముందు వరుసలో ఉన్నది ఆ రెజిమెంటు 4వ బెటాలియనే. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మన తాత అక్కడే ఉన్నాడేమో అనిపిస్తుంది. కానీ ఆ రెజిమెంటులో ఉన్నవాళ్లు చాలావరకు కుమావూన్ కొండలవాళ్లు, జాట్లు, అహీర్లు. నిజాం డబ్బుతో బ్రిటిష్ అధికారులు నడిపిన పాత హైదరాబాద్ కంటింజెంట్ నుంచి దానికి ఆ పేరు వచ్చింది. ఆ కంటింజెంట్ ఖర్చు బాకీ కిందనే 1853లో బీరారు నిజాం చేజారింది. పేరు మిగిలింది, భర్తీ మాత్రం ఉత్తరాదికి పోయింది. 1945 అక్టోబరు 27న ఆ పేరు కూడా మారి కుమావూన్ రెజిమెంట్ అయింది. రెండేళ్లకు, 1947 నవంబరు 3న బడ్గాంలో ప్రాణాలిచ్చి మొట్టమొదటి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ ఆ 4వ బెటాలియన్ వాడే. అంటే 'హైదరాబాద్' రెజిమెంటు చరిత్ర చూడాలంటే ఇప్పుడు పోవాల్సింది గోల్కొండకు కాదు, హిమాలయాల్లోని రాణీఖేత్‌కు.

మరి నిజాం సొంత ఫౌజు? అదొక వేరే కథ. మొదటి యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టుకు పోయారు, సూయజ్ కాలువ కాపలాలో, ఆ తరువాత పాలస్తీనాలో జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో ఒకే బ్రిగేడ్‌లో ఉన్నారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో నిలబడ్డ ముగ్గురు కంచు సైనికుల్లో ఒకరు హైదరాబాద్‌ వాడు. ఆ బొమ్మ ముందు నుంచి రోజూ వేలమంది పోతుంటారు, అతనెవరో అడిగేవాళ్లు అరుదు. రెండో యుద్ధంలో నిజాం ఫౌజులోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ మలయా ఈశాన్య కొసన కోట భారు విమానాశ్రయానికి కాపలా కాసింది. 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సేనలు ఆ తీరాన దిగాయి. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి ఇంకా గంటకు పైగా సమయం ఉంది. అంటే పసిఫిక్ మహాయుద్ధం మొదలైన చోట, మొదలైన రాత్రి, నిజాం రాజ్యం జీతం తీసుకుంటున్న సిపాయిలు ఉన్నారు. ఆ రోజు సాయంత్రానికే విమానాశ్రయం చేజారింది. బెటాలియన్ కమాండర్ కూడా అక్కడే చనిపోయాడు.

మన పాఠ్యపుస్తకాల్లో ఈ రాత్రికి ఒక పేరా దక్కాలి. ఎందుకు దక్కలేదన్నదానికి ఆర్కైవ్స్‌లోనే ఒక కారణం కనిపిస్తుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు పటాలాల కాగితాలు చాలావరకు శత్రువు చేతికి చిక్కకుండా తగలబెట్టారు, లేదా అవి పోయాయి. ఆ యుద్ధం గురించి తరువాత రాసినదంతా బందీలుగా ఉన్న అధికారులు జ్ఞాపకం మీద తిరగరాసుకున్న వృత్తాంతాల మీద, లండన్ గెజిట్‌లో 1948లో అచ్చైన జనరల్ పెర్సివల్ నివేదిక మీద చాలా ఆధారపడింది. ఓడినవాడు ఎవరిమీద తప్పు మోపుతాడో తెలిసిందే. భారతీయ బెటాలియన్లు, అందులోనూ సంస్థానాల బెటాలియన్లు, తమ తరఫున చెప్పుకునే కాగితం లేక తలదించుకొని నిలబడ్డాయి. కాబట్టి ఈ ఒక్క యుద్ధాన్నయినా రెండో వైపు నుంచి చదవాలి. జపాన్ రక్షణ శాఖ అచ్చువేసిన అధికార యుద్ధ చరిత్ర 102 సంపుటాలు ఉంది. జపాన్ ప్రభుత్వం పాత సైనిక పత్రాలను 2001 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తోంది. మన రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో జపనీస్ నేర్చుకున్న ఒక్క పరిశోధకుడు కోట భారు మీద కూర్చున్నా ఎంతో తేలుతుంది.

తెలుగు సిపాయి నిజంగా ఎక్కడున్నాడో తెలుసుకోవాలంటే మద్రాసు వైపు తిరగాలి. ఈస్టిండియా కంపెనీ తొలి పటాలాలను నింపిందే తెలుగువాళ్లు, తమిళులు. ఆ తరువాత లార్డ్ రాబర్ట్స్ లాంటివాళ్లు 'యుద్ధ జాతుల' సిద్ధాంతం పట్టుకొచ్చి దక్షిణాది మనిషి కత్తికి పనికిరాడని తేల్చేశారు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి తెలుగువారి భర్తీ బాగా పడిపోయింది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ మద్రాసు పదాతి రెజిమెంటునే రద్దు చేసి, మళ్లీ అవసరం ముంచుకొచ్చాక 1940ల మొదట్లో తిరిగి నిలబెట్టారు. ఒక్క మద్రాసు శాపర్లు మాత్రం తెంపు లేకుండా నిలిచారు. మొదటి యుద్ధంలో మెసొపొటేమియాలో వాళ్లున్నారు, 1944లో ఇటలీలోని కసీనో కొండ కింద వాళ్లున్నారు. వంతెన కట్టేవాడు, మందుపాతర తీసేవాడు, రోడ్డు వేసేవాడు. మిగిలిన తెలుగువాళ్లు సర్వీస్ కోర్ లారీల మీద, ఆర్డ్‌నెన్స్ డిపోల్లో, సిగ్నల్స్‌లో, ఆస్పత్రుల్లో, పయనీర్ కంపెనీల్లో ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అనే ఊరుంది. మొదటి యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది తమ ఊరి నుంచి పోయారని అక్కడివాళ్లు లెక్క చెప్తారు. ఆ ఊరికి యుద్ధ స్మారకం ఉంది, లెక్క నోట్లో ఉంది. వర్ధన్నపేట లాంటి చోటికి ఆ అదృష్టం లేదు. ఇక్కడి మనిషి సికింద్రాబాద్ కంటోన్మెంటుకు పోయి ఒంటరిగా చేరిపోయాడు, ఒంటరిగా తిరిగొచ్చాడు.

తాత కొట్లాడాడనే మాట విని తుపాకీ పటాలాల్లో వెతకడం వల్లే చాలామంది దారి తప్పుతారు. బర్మా యుద్ధం లారీ మీద, కంచర గాడిద మీద, గడ్డపార మీద నడిచిన యుద్ధం. 1944లో ఇంఫాల్, కోహిమాల మీదికి జపాన్ వచ్చినప్పుడు ఆ కొండల్లో రోడ్డు తెగకుండా చూసినవాడు లేకుంటే ముందున్న గూర్ఖా కాల్చడానికి తూటా ఉండేది కాదు. డ్రైవర్ తాత కథను తక్కువ చేసి, దానికి తుపాకీ తగిలించి గొప్ప చేయాల్సిన పని లేదు. ఇంకో సంగతి. 'బర్మలుండె' అన్న ప్రతి ముసలాయనా సిపాయే కానక్కర లేదు. రంగూన్ రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లు వేలల్లో ఉండేవారు. 1942లో బాంబులు పడ్డాక కొండలు దాటి నడిచి వచ్చిన లక్షల మంది భారతీయుల్లో వాళ్లూ ఉన్నారు, దారిలో రాలిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ నడక కూడా యుద్ధానుభవమే. అయితే దాని కాగితాలు వేరే అల్మారాలో ఉంటాయి.

సరే, పటాలం దొరికిందనుకుందాం. వార్ డైరీ తెరుచుకుంది. అది అచ్చు ఫారం, నంబరు సి.2118. నిలువుగా గళ్లు: చోటు, తేదీ, గంట, జరిగిన సంగతులు, చివరి గడిలో రిమార్కులు. తలకట్టులోనే 'వార్ డైరీ లేదా ఇంటెలిజెన్స్ సమ్మరీ' అని ఉంటుంది, వద్దనుకున్నది కొట్టేయమని సూచన. చాలామంది కొట్టేయను కూడా లేదు. దాన్ని నింపింది బెటాలియన్ అడ్జుటెంటో, ఎవరో కుర్ర ఆఫీసరో, తరచుగా పెన్సిలుతో. నెలాఖరుకు దాన్ని పైకి పంపాలి. వెనక్కి వచ్చి విశ్రాంతిగా ఉన్న వారంలో హాకీ మ్యాచ్ గురించి, జనరల్ గారి తనిఖీ గురించి నాలుగేసి వాక్యాలు. కొట్లాట ముదిరిన రోజున ఒకటిన్నర వాక్యం. దెబ్బ ఎంత గట్టిగా తగిలితే రాత అంత పొట్టి. రాసేవాడు కూడా గుంతలోనే ఉన్నాడు కదా. అందుకే అనుభవం ఉన్న పరిశోధకులు ఒక్క డైరీ చదివి ఊరుకోరు. పక్క బెటాలియన్ డైరీ, పైనున్న బ్రిగేడ్ డైరీ, డివిజన్ డైరీ, వెనక జతచేసిన అనుబంధాల్లోని ఆర్డర్లు, మ్యాపులు పక్కపక్కన పెట్టుకొని ఆ రోజును కూడగడతారు.

ఆ డైరీలో తెల్ల ఆఫీసరు గాయపడితే పేరు ఉంటుంది. వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసరైన సుబేదార్‌కూ జమాదార్‌కూ చాలాసార్లు పేరు ఉంటుంది. సిపాయి చచ్చిపోతే 'ఐ.ఓ.ఆర్.' అనే మూడు అక్షరాలు, పక్కన ఒక అంకె. 'ఇండియన్ అదర్ ర్యాంక్స్' అని దానర్థం. వర్ధన్నపేట మనిషి ఆ అంకెలో ఒకడు.

ఇది చూశాక తార్నాకకు పోవాలి. అక్కడి తెలంగాణ రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు పారశీక పత్రాలు లక్షన్నర దాకా ఉన్నాయి, దక్కనులో మొగలు సైన్యం నడిచినప్పటివి. వాటిలో 'అర్జ్-ఓ-చెహ్రా' అనే రకం కాగితాలున్నాయి. చెహ్రా అంటే ముఖం. మన్సబ్‌దార్లు తనిఖీ రోజున బజారు నుంచి కూలికి మనుషుల్ని, గుర్రాల్ని తెచ్చి నిలబెట్టి జీతాలు కాజేసేవారు. ఆ మోసం పట్టుకోవడానికి గుమాస్తా ఒక్కొక్క సిపాయి ముఖాన్ని అక్షరాల్లో దించేవాడు. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టిన తావు. చామనఛాయ, వెడల్పు నుదురు, కనుబొమలు కలిశాయా విడిగా ఉన్నాయా, మచ్చ ఏ చెంప మీద ఉంది, అమ్మవారి మచ్చలున్నాయా. తరువాత గుర్రం రంగు, దాని ఒంటి మీద వేసిన ముద్ర. రాయించింది ప్రేమ కాదు, ఖజానా మీద ఉన్న జాగ్రత్త. అయినా మూడు వందల యాభై ఏళ్ల కింద దక్కనులో కొలువుచేసిన ఒక మామూలు తుపాకీ సిపాయి ముఖం ఈరోజు మనకు కనిపిస్తుంది. ఎనభై ఏళ్ల కిందటి 'ఐ.ఓ.ఆర్.' ముఖం కనిపించదు. ఈ కాగితాలు చదవగలిగే పారశీకం వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో ఏటేటా తగ్గిపోతున్నారు. దానిమీద ప్రభుత్వం ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ సార్థకమే.

బ్రిటిష్ లెక్కలో పేరు పూర్తిగా పోలేదు, వేరేచోట పడి ఉంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాను ఎవరైనా ఇంటి నుంచి చూడొచ్చు. చనిపోయిన సిపాయి పేరు, నంబరు, పటాలం, తేదీ, చాలాచోట్ల తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా. సింగపూర్‌లోని క్రాంజి స్మారకం గోడల మీద ఆచూకీ దొరకనివాళ్ల పేర్లు 24 వేలకు పైగా ఉన్నాయి. కానీ తెలుగు పేరు ఆంగ్ల గుమాస్తా చెవిలో పడి ఎన్ని పోకలు పోయిందో చెప్పలేం. వెంకటస్వామి పేరును పది రకాలుగా రాసి వెతకాల్సి వస్తుంది, ఇంటి పేరు అసలు ఉండదు. నంబరు ఉంటే మాత్రం ఒక్క నొక్కులో దొరుకుతాడు. మొదటి యుద్ధంలో పోయినవాళ్ల విషయంలో అన్యాయం ఇంకా లోతుగా జరిగింది. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద తెల్లవాళ్ల పేర్లు చెక్కి, భారతీయ సిపాయిలను పటాలానికి ఇంతమంది అని అంకెతో సరిపెట్టారు. ఆ కమిషనే 2021లో ఒక నివేదిక వేసి ఒప్పుకున్నది: లక్షా 16 వేల మందికి, బహుశా మూడున్నర లక్షల మందికి కూడా, పేరుతో గుర్తింపు దక్కలేదని, లేదా అసలు గుర్తింపే లేదని. వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు మనుషులు.

పంజాబ్‌కు ఒక మేలు జరిగింది. మొదటి యుద్ధం తరువాత అక్కడి ప్రభుత్వం ఊరూరా ఎవరెవరు పోయారో రిజిస్టర్లు రాయించింది. మూడు లక్షల ఇరవై వేల మంది వివరాలున్న ఆ పుస్తకాలు వందేళ్లు లాహోర్ మ్యూజియంలో పడి ఉండి 2021 నుంచి ఆన్‌లైన్‌కు ఎక్కుతున్నాయి. ఇంగ్లండులో స్థిరపడ్డ పంజాబీలు తమ ఊరి పేరు కొట్టి ముత్తాతను వెతుక్కుంటున్నారు.

అలాంటి రిజిస్టరు లేని వర్ధన్నపేటకు ఇంకో యుద్ధం కూడా ఉంది, అది ఇంటి ముందే జరిగింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో అడుగుపెట్టింది, 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయాడు. ఎల్ ఎద్రూస్ యవ్వనంలో పాలస్తీనాలో హైదరాబాద్ లాన్సర్లతో నడిచినవాడే. తరువాత తన జీవితకథ రాసుకున్నాడు. రక్షణ శాఖ చరిత్ర విభాగం తరఫున ఎస్.ఎన్. ప్రసాద్ రాసిన 'ఆపరేషన్ పోలో' 1972లో అచ్చైంది. ఐదు రోజుల యుద్ధం గురించి రెండు వైపుల నుంచీ చదువుకోవచ్చు. ఆ తరువాత 1951 దాకా తెలంగాణ పల్లెల్లో సైన్యం, కమ్యూనిస్టు దళాల మధ్య నడిచినదానికి సైన్యం వైపు నుంచి అంత వివరమైన కథనం జనం చేతికి రాలేదు. దళాల వైపు నుంచి వచ్చింది, ఎందుకంటే ఎవరో పోయి అడిగారు. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు టేప్ రికార్డర్ పట్టుకొని పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటల్లోనే 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో తెచ్చారు. బర్మా నుంచి, ఇటలీ నుంచి తిరిగొచ్చిన తెలుగు జవాన్ల దగ్గర అలా ఎవరూ కూర్చోలేదు. అప్పటికి వాళ్లు అరవై ఏళ్ల వయసులో, అరుగుల మీద, అడిగితే చెప్పే స్థితిలో ఉన్నారు. ఆ నష్టం ఏ ఆర్కైవూ పూడ్చలేదు.

స్వతంత్ర భారతం యుద్ధాల సంగతి ఇంకా చిక్కు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ ముందు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. మన నౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లనా, దాని లోపలి పేలుడు వల్లనా అన్న వాదన నేటికీ తెగలేదు. ఘాజీ కాగితాలు, తూర్పు కమాండ్ 1971 రికార్డులు కొన్ని చించేశారని 2010లో పత్రికల్లో వచ్చింది. మూలపత్రం పోయాక వాదన మాత్రమే మిగులుతుంది. 2021 జూన్‌లో రక్షణ శాఖ కొత్త విధానం ప్రకటించింది. వార్ డైరీలు, నౌకల, విమానదళాల ఆపరేషన్ పుస్తకాలు చరిత్ర విభాగానికి చేరాలి, సాధారణంగా 25 ఏళ్లకు వాటిని బయటపెట్టాలి, యుద్ధం ముగిసిన ఐదేళ్లలోపు చరిత్ర రాసి దగ్గర పెట్టుకోవాలి. కార్గిల్ సమీక్షా కమిటీ నుంచి వస్తున్న సలహానే ఇది. 1999 జూన్‌లో కార్గిల్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య పటాలం డైరీకి ఆ పాతికేళ్లు నిండాయి. 2020లో గల్వాన్‌లో పోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పటాలం డైరీకి 2045 రావాలి. ఆ గడువులు మాటగా మిగలకుండా ఆచరణలోకి వచ్చేలా అడిగే హక్కు మనందరికీ ఉంది.

వర్ధన్నపేట ఇంటికి తిరిగొద్దాం, ఎందుకంటే నంబరు ఉన్నది అక్కడే. రెండో యుద్ధంలో బ్రిటిష్ సిపాయికి ఇచ్చిన స్టార్లు, మెడళ్ల మీద పేరు ఉండదు. భారతీయుడికి ఇచ్చినవాటికి పేరు చెక్కి ఇచ్చారు. బర్మా స్టార్ వెనక్కి తిప్పి చూస్తే, గుండ్రటి మెడల్ అయితే అంచు వెంట వేలు పోనిచ్చి చూస్తే, నంబరు, హోదా, పేరు, పటాలం పొట్టి అక్షరాలు తగులుతాయి. బొగ్గు పొడి అద్ది, పల్చటి కాగితం పెట్టి రుద్దితే అరిగిన అక్షరాలు కూడా తేలతాయి. మొదటి యుద్ధపు మెడల్ వెండిది, అందుకే చాలా ఇండ్లల్లో అది కరువు రోజున కంసాలి కుంపట్లోకి పోయింది. డిశ్చార్జి కాగితం ఉంటే ఇంకేం కావాలి. చేరిన తేదీ, వదిలిన తేదీ, చేసిన పని, ఒంటి మీది పుట్టుమచ్చల దగ్గర్నుంచి అన్నీ ఉంటాయి. పింఛను రాని యుద్ధకాలపు జవాన్లకు, వాళ్ల వితంతువులకు రాష్ట్ర ప్రభుత్వం సైనిక సంక్షేమ శాఖ ద్వారా ఇచ్చే నెలసరి సాయానికి కూడా ఆ కాగితమే ఆధారం. దాన్ని చెదలకు వదిలేసిన ఇంట్లో ముసలామెకు బువ్వ తగ్గింది.

పింఛనుదారు కాని జవాను సర్వీసు పత్రాలను రికార్డ్స్ ఆఫీసులు 25 ఏళ్లకు నాశనం చేస్తాయి. అయితే లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరును మాత్రం ఉంచుతాయి. అందులో మనిషికి ఒక వరుస. ఆ వరుస చూసి చెప్పమని అడగొచ్చు. శాపర్లయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆర్డ్‌నెన్స్ కోర్, ఈఎంఈ అయితే మన సికింద్రాబాదే. ఉత్తరంలో నంబరు, హోదా, పేరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా, పాత జిల్లా రాయాలి. కాబట్టి డిగ్రీ చదివే పిల్లలు ఈ పనికి దిగితే పోర్టళ్లు తెరిచే ముందు చేయాల్సింది ఒకటుంది. తొంభై దాటిన నాయనమ్మలు, అమ్మమ్మలు ఇంకా కొందరున్నారు. మనీయార్డరు ఏ ఊరి నుంచి వచ్చేదో, ఉత్తరం మీద ఏ ముద్ర ఉండేదో, సెలవు మీద వచ్చినప్పుడు టోపీ మీద ఏ బిళ్ల ఉండేదో వాళ్లకు యాదికి ఉంటుంది. ముందు వాళ్లను అడగాలి, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోవాలి, ఆ తరువాతే తార్నాకకు బస్సు ఎక్కాలి.